గోడ మూయకముందు

ఇలా దగ్గరికి జరుగు, నతాలియా. ఆ ఫోను బోర్లా పెట్టు. తీపిరొట్టె ఇంకా వేడిగా ఉంది, ఇప్పుడు కోస్తే ముద్దయిపోతుంది. అది చల్లారేలోపు నేను చెప్పేది విను. కొత్తగా కొన్న ఇంట్లో వైర్లు మార్చడానికి మనిషి దొరికాడన్నావు. మంచివాడన్నావు. నీతో పనిచేసేవాళ్ళ ఇళ్ళన్నిటికీ అతనే చేశాడన్నావు. కాదనను. చెడ్డవాడి కథ అయితే నీకు చెప్పాల్సిన పనే లేదు, చెడ్డవాణ్ణి చూస్తే కుక్కయినా మొరుగుతుంది. నేను చెప్పేది మంచివాడి కథ.

మీ అమ్మ ఇంకా పుట్టలేదు. నేనూ మీ తాతా కర్టెన్ల మిల్లు వెనకవీధిలో, జుల్మీరా ఇంట్లో మూడో అంతస్తులో అద్దెకుండేవాళ్ళం. ఆ వీధిలో అన్నీ చెక్క ఇళ్ళే, మూడు పెట్టెలు ఒకదాని మీద ఒకటి పేర్చినట్టు. కింద జుల్మీరా, మధ్యలో ఆమె కొడుకు సిల్వీనో, కోడలు ఒదీలియా, వాళ్ళ పాలు తాగే పిల్ల. పైన మేం. మీ పెద్ద మావయ్యకు జ్ఞానతల్లి జుల్మీరాయే. అప్పటినుంచి నాకామె వదిన, ఆమెకు నేను వదిన. మొగుడు పోయాక మిల్లులో కర్టెన్ల అంచులు కుట్టి, ఒక్క కొడుకుని పెంచి, ఆ ఇల్లు కొనుక్కుంది. గొంతు పెద్దది. మనసూ పెద్దదే, కానీ ముందు గొంతే వినపడేది.

ఆ ఇంట్లో కరెంటు సంగతి చెబితే నవ్వుతావు. గోడల లోపల పాతకాలపు తీగలు, పింగాణీ గుబ్బల మీదుగా వేలాడుతూ ఉండేవి. కింద జుల్మీరా ఇస్త్రీపెట్టె పెడితే పైన నా రేడియో మూగబోయేది. నేను గరిటె తీసుకుని వేడినీళ్ళ గొట్టం మీద ఠంగుఠంగుమని కొట్టేదాన్ని. ఆమె కిందనుంచి అరిచేది, "ఓపిక పట్టు వదినా, ఒక్క చొక్కా! నీ రేడియో పాటగాడు పారిపోడులే!" అని. తరవాత సిల్వీనో నేలమాళిగలోకి దిగి ఫ్యూజు మార్చేవాడు. అలా నవ్వుకుంటూ బతికాం.

ఆ ఏడు చలికాలంలో మా పవిత్రాత్మ సంఘం హాలులో చీట్లు తీశారు. ఈస్టర్ తరవాత ఏడు వారాలు పవిత్రాత్మ వెండి కిరీటం వారానికో ఇంట్లో, ఏడిళ్ళలో కొలువుంటుంది కదా, ఆ ఏడిళ్ళ పేర్లు. జుల్మీరా మా ద్వీపం వదిలి ఈ దేశం వచ్చినప్పటినుంచి ఏటా చీటీ వేసేది, ఏటా ఉత్తచేతులతో వచ్చేది. ఆ రోజు ఆరోవారానికి ఆమె పేరు చదివారు. వదిన లేచి నిలబడబోయి కుర్చీ పక్కన నేలమీద కూలబడింది. నేను లేపబోతే, "ఉండనీ వదినా, ఇక్కడే బాగుంది" అంది, ఏడుస్తూ నవ్వుతూ.

కానీ ఆ కిరీటం రావాలంటే ఇల్లు తట్టుకోవాలి. ముందుగది ఖాళీ చేసి, మెట్లుమెట్లుగా పీఠం కట్టి, తెల్లగుడ్డలు పరిచి, కాగితపు పూలు పెట్టి, చుట్టూ కరెంటు దీపాలు. ఒకటా రెండా, గది పగలైపోవాలి. ప్రతి సాయంత్రం జపమాలకు వీధంతా వస్తుంది, వాళ్ళకు కాఫీ కాచే పెద్ద కరెంటు పాత్రలు. పైగా ఆ రోజుల్లో కిరీటం ఇంట్లో ఉన్నన్నాళ్ళు పీఠం దీపాలు ఆర్పేవాళ్ళు కాదు. రాత్రీ లేదు, పగలూ లేదు. ఒక్క చొక్కా ఇస్త్రీకి అలిగే తీగలు ఒక వారం ఆ బరువు ఎలా మోస్తాయి? అందుకని వైర్లు మార్పించాలనుకుంది వదిన. వైర్లంటే మా వీధిలో ఒక్కటే పేరు. జెర్మానో.

జెర్మానోని నువ్వు చూడలేదు. మా ద్వీపంలో మా చర్చి గంట వినపడేంత దూరంలో పుట్టినవాడు. అందరూ జేబులో పెన్ను పెట్టుకుంటే అతను స్క్రూడ్రైవరు పెట్టుకునేవాడు. పండుగకి చర్చి ముఖమంతా బల్బులు కట్టేది అతనే. నిచ్చెన మీద ఉండి కింద పోయే ఆడవాళ్ళని పేరుపేరునా పలకరించేవాడు. ఎవరి ఇంట్లో చీకటి పడినా అన్నం మధ్యలో లేచి వచ్చేవాడు. పెళ్ళాం జబ్బుపడి బతికి బట్టకట్టింది ఆ ముందటేడే. అతన్ని కాదని వేరేవాణ్ణి పిలవడమంటే, సొంత అన్నని గుమ్మంలో నిలబెట్టి పక్కింటివాణ్ణి భోజనానికి పిలిచినట్టే.

ఒదీలియా మాత్రం వేరేవాణ్ణే పిలవాలంది.

ఆ పిల్ల చిన్నప్పుడే ఇక్కడికి వచ్చింది, ఇక్కడి బడిలో చదివింది. మాట తక్కువ. ఆసుపత్రిలో కాలినవాళ్ళ వార్డులో దుప్పట్లు మార్చే పని. ఆ వార్డు సంగతులు ఇంట్లో ఎప్పుడూ చెప్పేది కాదు, కానీ నేను పొయ్యి మీద నూనె పెట్టి పక్కకి తిరిగితే చాలు, తనే వచ్చి మంట తగ్గించేది. ఎవరి చేతయినా గోడ విప్పించేముందు ఊరి ఆఫీసుకి, అదే సిటీ హాలుకి వెళ్ళి, వాడు చేసిన పనులకి అక్కడ తీసుకున్న పాత పర్మిట్లు చూడమని అక్కడి నర్సు ఎవరో చెప్పిందట. ఒక మధ్యాహ్నం పిల్లని నా ఒళ్ళో పడేసి, "పిన్నీ, ఇప్పుడే వస్తా" అని వెళ్ళింది.

తిరిగొచ్చేసరికి నేను పిల్లతో కింద వదిన వంటింట్లో ఉన్నాను. వదిన చిక్కుళ్ళు ఒలుస్తోంది. సిల్వీనో అప్పుడే మిల్లునుంచి వచ్చి బూట్లు విప్పుతున్నాడు. ఒదీలియా కోటు కూడా తియ్యలేదు.

"జెర్మానో గారి పేరు మీద చూపించమన్నాను అత్తయ్యా. ఆ కౌంటరు దగ్గరావిడ కార్డులన్నీ తీసింది. ఒకప్పుడు చాలా పనులున్నాయి, అన్నిటికీ ఇన్‌స్పెక్టరు వచ్చి చూసి సంతకం పెట్టాడు. ఆ తరవాత పర్మిట్ తీసుకున్నవి ఉన్నాయి, చూడ్డానికి ఎవరినీ పిలవలేదు. ఆ తరవాత ఇంక ఏమీ లేదు. లైసెన్సు గడువు తీరితే మళ్ళీ కొత్తది కూడా తీసుకోలేదట."

వదిన చిక్కుడుకాయ అలాగే పట్టుకుని చూసింది. "ఏమీ లేదంటే?"

"ఏమీ లేదనే. ఇన్నేళ్ళుగా ఈ వీధిలో ఆయన ఎన్ని ఇళ్ళకి చేశాడో మనకి తెలుసు. బేకరీ, సంఘం హాలు వంటిల్లు, పిన్ని చెల్లెలి ఇల్లు. ఒక్కదానికీ పర్మిట్ లేదు. ఒక్కటీ ఎవరూ చూడలేదు."

వదిన నావైపు తిరిగి పగలబడి నవ్వింది. "విన్నావా వదినా! మా కోడలు బస్సెక్కి పోయి కనిపెట్టుకొచ్చింది! అమ్మాయ్, అందుకేగా జెర్మానోని పిలిచేది!"

నతాలియా, ఇక్కడ నీకొక మాట చెప్పాలి, లేకపోతే ఈ నవ్వు నీకు అర్థం కాదు. మనవాళ్ళ ప్రతి ఇంట్లో నేలమాళిగలో రెండో వంటగది ఉంటుంది, తెలుసుగా. పైవంటిల్లు చుట్టాలకి చూపించడానికి, కిందది వండుకోవడానికి. ఆ కింది వంటగదులు ఎవరిని అడిగి కట్టారు? మొగుడూ, బావమరిదీ కలిసి ఒక ఆదివారం కట్టేశారు. పైన ఏ పనికైనా పర్మిట్ తీస్తే ఇన్‌స్పెక్టరు వస్తాడు, వస్తే నేలమాళిగలోకి దిగుతాడు, దిగితే మన పొయ్యి చూస్తాడు, చూస్తే పీకించేస్తాడు. ఇదీ మా అందరి భయం. ఎవరి పొయ్యయినా పీకించినట్టు ఎవరం చూడలేదు, అయినా భయం. అందుకని ఇన్‌స్పెక్టరుని పిలవని మనిషి కావాలి. జెర్మానో పిలవడు. ఆ ఖాళీ కార్డే మా వీధిలో అతనికి మంచిపేరు.

"నవ్వకండి అత్తయ్యా. తీగలు గోడలోపల ఏం చేశాడో గోడ మూయకముందే చూడాలి. మూసేశాక దేవుడికి తప్ప ఎవరికీ కనపడదు."

"దేవుడు చూస్తే చాలదా? వారం రోజులు ఆయన మన ఇంట్లోనే ఉంటాడు!"

"అమ్మా, అది కాదు తను అనేది..." అన్నాడు సిల్వీనో.

"నువ్వు బూట్లు విప్పుకో నాయనా. మన మనిషి గురించి పోయి వాళ్ళ ఆఫీసులో వాకబు చేసింది నీ పెళ్ళాం. రేపు ఆ సంగతి జెర్మానో పెళ్ళానికి తెలిస్తే నేను చర్చిలో ఏ బల్ల మీద కూర్చోను?"

ఒదీలియా పిల్లని నా చేతుల్లోంచి తీసుకుంది. "ఆ గోడ పక్కన పడుకునేది మీ మనవరాలు" అంది. అంతే, మెట్లెక్కి వెళ్ళిపోయింది. సిల్వీనో ఒక బూటు కాలికి, ఒక బూటు చేతిలో ఉంచుకుని తల్లివైపు ఒకసారి, మెట్లవైపు ఒకసారి చూశాడు. మెత్తనివాడు. ఇద్దరాడవాళ్ళ మధ్య తలుపు సందులో వేలు పెట్టినట్టుండేది వాడి బతుకు.

ఆ రాత్రి మొగుడూ పెళ్ళాం ఏం మాట్లాడుకున్నారో కానీ, మర్నాడు సిల్వీనో తల్లికి చెప్పాడు, లైసెన్సు ఉన్న ఇంకొకణ్ణి చూద్దామని. వదిన రుసరుసలాడింది కానీ మెత్తబడుతోంది, నాకు తెలుసు. మనవరాలి పేరెత్తితే ఆమె ఎప్పుడూ మెత్తబడేది. ఇంకో రెండ్రోజులు గడిచుంటే ఒప్పుకునేదే.

ఆ మర్నాడే జెర్మానో వచ్చాడు. టోపీ తీసి చేతిలో పట్టుకున్నాడు, ఆదివారం చొక్కా వేసుకున్నాడు. పనికి మాట్లాడుకోవడానికి వచ్చే వేషం కాదది.

"చెల్లెమ్మా జుల్మీరా, నా మొక్కు నీ ఇంట తీర్చుకోనీ" అన్నాడు. "నా ఆడది బతికితే కిరీటం ఉండే ఇంటికి దీపాలు పెడతానని పవిత్రాత్మకి మొక్కాను. తీగలు నావి, బోర్డు నాది, చాకిరీ నాది. ఒక్క పైసా పుచ్చుకోను."

వదిన రెండు చేతులూ నోటికి అడ్డం పెట్టుకుంది.

అయిపోయింది. కూలికి వచ్చినవాణ్ణి వద్దనొచ్చు, నతాలియా. మొక్కు తీర్చుకోవడానికి వచ్చినవాణ్ణి మనవాళ్ళు వద్దనరు. వద్దంటే ఆ మొక్కు తీరని పాపం వద్దన్నవాళ్ళ గుమ్మంలో పడుతుంది. మొక్కుకిచ్చిన ఆవుని ఈనిందా, పాలిస్తుందా అని అడగం. పళ్ళు పట్టి చూడం.

ఒదీలియా మెట్ల మీదనుంచి అంతా వింది. దిగి వచ్చి, ఎంతో మర్యాదగా అడిగింది, "మావయ్యా, మీ మొక్కు చల్లగా తీరాలి. ఒక్కటే కోరిక. తీగలు లాగాక గోడ మూయకండి. పర్మిట్ తీసి ఒకసారి చూపిద్దాం."

జెర్మానో మొహం చిన్నబోయింది. కోపం రాలేదు, అదే కష్టం. "ఎందుకమ్మా? నా చేతి మీద నమ్మకం లేదా? మీ మావగారి శవం దగ్గర దీపం పెట్టింది ఈ చెయ్యే. వాళ్ళొచ్చి పాతదంతా పీకమంటారు, గోడలన్నీ పగలగొట్టమంటారు. కిరీటం వచ్చేనాటికి పని అవుతుందా? మీ అత్త కింద పొయ్యి ఉంటుందా?"

"అమ్మాయ్, ఇంక చాలు" అంది వదిన.

సిల్వీనో పెళ్ళాం భుజం మీద చెయ్యి వేశాడు. "ఒక్క వారమే ఒదీలియా. ఆదివారం కిరీటం వెళ్ళిపోతుంది. సోమవారం పొద్దున్నే నేనే సిటీ హాలుకి వెళ్తా. పర్మిట్ తీయిస్తా, గోడ నేనే పగలగొట్టి చూపిస్తా. నీ మీద ఒట్టు."

"నా మీద వద్దు, పిల్ల మీదా వద్దు. ఊరికే వెళ్ళు చాలు" అంది ఒదీలియా.

జెర్మానో పని చేశాడు. నేను పైనుంచి దిగుతూ ఎక్కుతూ చూస్తూనే ఉన్నాను. నేలమాళిగలో కొత్త బోర్డు, మిలమిలా మెరిసేది, వీధంతా వచ్చి చూసి వెళ్ళారు. ముందుగదిలోకి కొత్త వైరు లాగాడు. గోడ లోపల మాత్రం ఆ కొత్త వైరుని పాత తీగలకే మెలిపెట్టి, టేపు చుట్టి వదిలేశాడట. ఇది మాకు తరవాత తెలిసింది. అంతకుముందు చిన్న ఫ్యూజు పుటుక్కున పోయి మమ్మల్ని కాపాడేది. కొత్త బోర్డు బలమైనది కదా, అది పోదు. ఎంత బరువు పెట్టినా కరెంటు పంపిస్తూనే ఉంటుంది. తట్టుకోవాల్సింది మాత్రం గోడలోని ముసలి తీగ. వదిన రేడియో ఆగనందుకు మురిసిపోయింది. "చూశావా వదినా, ఇప్పుడు ఇస్త్రీ, కాఫీ, నీ పాటగాడు, ముగ్గురూ కలిసి ఉండొచ్చు!"

గోడకి ప్లాస్టరు పూశారు. దాని మీద నీలిపూల కాగితం అంటించారు. ఒదీలియా ఆ కాగితం అంటిస్తుంటే బంక గిన్నె పట్టుకుని పక్కనే నిలబడింది.

ఆరోవారం ఆదివారం బ్యాండుతో కిరీటం వచ్చింది. ఆ వెండి కిరీటం పీఠం మీద పెట్టగానే జెర్మానో స్విచ్చు వేశాడు. గదిలో ఉన్నవాళ్ళంతా ఒక్కసారి "ఆ..." అన్నారు. నిజం చెప్పాలిగా, నేను అంత అందం మళ్ళీ చూడలేదు. వదిన మొహం ఆ వెలుగులో పదేళ్ళు చిన్నదైంది. జెర్మానో వెనక్కి వెళ్ళి మూల నిలబడి కళ్ళు తుడుచుకున్నాడు.

వారమంతా సాయంత్రం జపమాల, తరవాత తీపిరొట్టె, ఉప్పుచిక్కుళ్ళు, పాటలు. ఒదీలియా కూడా అందరికీ కాఫీ ఇచ్చింది, నవ్వింది. కానీ ఒకటి గమనించాను. మెట్ల దగ్గరా, పిల్ల ఉయ్యాల వెనకా, వెళ్ళేటప్పుడూ వచ్చేటప్పుడూ గోడకి అరచెయ్యి ఆనించేది. జ్వరం వచ్చిన పిల్ల నుదురు చూసినట్టు. ఒకసారి అత్తని అడిగింది, "రాత్రిపూట కొన్ని దీపాలైనా ఆర్పుదామా?" అని. వదిన అంది, "ఆయన్ని చీకట్లో కూర్చోబెట్టి నువ్వు నిద్రపోతావా?"

శనివారం పొద్దున. మర్నాడు కిరీటం ఏడో ఇంటికి వెళ్ళాలి. పెరట్లో సూపు కోసం మాంసం, క్యాబేజీ, పుదీనా కొండలా పడున్నాయి. ఆడవాళ్ళం బల్లల చుట్టూ కూర్చుని కోస్తున్నాం. మగవాళ్ళు పెద్ద గుండిగలు మోస్తున్నారు. జెర్మానో కూడా ఉన్నాడు, చేతులు పైకి మడుచుకుని ఎముకలు నరుకుతూ, ఎవరి మొగుడు ఎంత తాగాడో చెప్పి నవ్విస్తూ. మీ తాత మీ మావయ్యని భుజాన ఎక్కించుకుని వీధి చివరికి పోయాడు.

ఒదీలియా పిల్లకి పాలివ్వడానికి పైకెళ్ళింది. ఉయ్యాల వెనక గోడ మీద చెయ్యి పెట్టిందట. చెయ్యి వెనక్కి లాక్కుందట. అంత వేడి. చేపలు మాడిన వాసన వచ్చిందట, ఆ రోజు ఇంట్లో ఎవరూ చేప వండలేదు, వైరు మాడితే అదే వాసన. పిల్లని దుప్పటితో సహా ఎత్తుకుని, మెట్ల మీద అరుచుకుంటూ దిగింది. "బయటికి! అందరూ బయటికి! గోడలో ఉంది, గోడలో!"

ఆ మాట ముందు ఎవరికీ అర్థం కాలేదు. మంట కనపడలేదు కదా. అంతలో మా మూడో అంతస్తు చూరు కిందనుంచి పసుపుపచ్చటి పొగ వచ్చింది. ఆ పాత చెక్క ఇళ్ళలో గోడ లోపల కిందనుంచి పైదాకా డొల్లే, పొగగొట్టంలా. కింద ఎక్కడో అంటుకున్నది కనపడకుండానే పైదాకా ఎక్కేసింది. లోపలున్నవాళ్ళంతా పరుగెత్తుకొచ్చారు. ఒకరినొకరు తడుముకుని చూసుకున్నాం. అందరం ఉన్నాం. నతాలియా, అది గుర్తుపెట్టుకో, ఆ క్షణాన అందరం ఉన్నాం. పిల్ల కేరుమంటోంది. ఒదీలియా సిల్వీనో చొక్కా గుప్పిట్లో పట్టుకుని ఉంది. పోతే ఇల్లే పోతుంది అనుకున్నాం.

అప్పుడు వదిన అరిచింది.

"కిరీటం! కిరీటం లోపలుంది!"

అది ఒక్కరి సొమ్ము కాదు. ద్వీపంనుంచి గుడ్డలో చుట్టి ఒళ్ళో పెట్టుకుని ఓడలో తెచ్చింది. మా అందరి పిల్లల నెత్తిన పెట్టింది. వదిన గుమ్మంవైపు రెండడుగులు వేసింది. సిల్వీనో తల్లిని రెండు చేతులతో ఆపాడు, ఆపి, "నువ్వుండమ్మా, నేను తెస్తా" అన్నాడు. ఏదో కొట్టుకి వెళ్ళి ఉప్పు తెస్తానన్నట్టు అన్నాడు.

"వెళ్ళకు" అంది ఒదీలియా. "సిల్వీనో, అది వెండి. వెళ్ళకు."

వాడు ఆమె వేళ్ళు ఒక్కొక్కటీ విడదీశాడు.

ముందుగది కిటికీ పగిలింది. తెల్లగుడ్డలో చుట్టిన కిరీటం బయటికి వచ్చి పడింది, రాతిమెట్ల మీద దొర్లి, అంచు సొట్టబోయింది. అందరం "తెచ్చాడు, తెచ్చాడు!" అన్నాం. జెర్మానో కిటికీ దగ్గరికి ఉరికాడు, "చెయ్యివ్వు నాయనా, చెయ్యివ్వు!" అని. కిటికీలో సిల్వీనో తల కనపడింది. నేను చూశాను. తరవాత లోపల కప్పు కూలింది.

ఫైరింజన్లు వచ్చేసరికి పెరట్లో గుండిగల కింద మా మంటలు ఇంకా బుద్ధిగా మండుతున్నాయి.

మర్నాడు ఏడో ఇంటికి కిరీటం వెళ్ళింది. బ్యాండు లేదు, దీపాలు లేవు. సొట్ట తీయించబోతే ఒదీలియా వద్దంది. అదొక్కటే ఆమె సంఘాన్ని అడిగింది. ఇప్పటికీ ఉంది చూడు, వచ్చే పండుగకి దగ్గరికి వెళ్ళి చూడు, ఎడమవైపు అంచున.

సిల్వీనో శవాన్ని అందరి చూపుకి పెట్టిన రోజు జెర్మానో వచ్చాడు. లోపలికి రాలేక గుమ్మంలో నిలబడ్డాడు, ఎవరూ రమ్మనలేదు, పొమ్మనలేదు. చివరికి ఒదీలియా ముందుకి వెళ్ళి మోకాళ్ళ మీద పడ్డాడు. అతనికి తెలిసిన మాట ఒక్కటే అన్నాడు పాపం, "అమ్మా, నేను ఒక్క పైసా పుచ్చుకోలేదు."

"పుచ్చుకోవాల్సింది మావయ్యా" అంది ఒదీలియా. ఆమె గొంతు ఎప్పటిలా మెల్లగానే ఉంది. "కూలికి చేసుంటే అత్తయ్య అడిగేది. ఊరికే చేశారు, అందుకే ఎవరం అడగలేకపోయాం."

అతను లేవలేకపోయాడు. ఇద్దరు లేపి తీసుకుపోయారు. తరవాత ఇంకెప్పుడూ నిచ్చెన ఎక్కలేదు.

పూడ్చిన సాయంత్రం స్మశానంనుంచి వచ్చాక ఏం జరిగిందో చెప్పనా? మేం అప్పటికి నా చెల్లెలింట్లో తలదాచుకున్నాం. అదీ జెర్మానో చేసిన ఇల్లే. నా చెల్లెలు నల్లముసుగు కూడా తీయకుండా ముందుగదిలోకి వెళ్ళి గోడకి అరచెయ్యి ఆనించింది. కిటికీలోంచి చూస్తే ఎదురింటావిడా అదే చేస్తోంది. ఆ పక్కింటావిడా అంతే. వీధి వీధంతా గోడలు పట్టుకుని నిలబడింది. అన్నీ జెర్మానో గోడలే. ఏది చల్లనిదో, ఏది కాదో.

మర్నాడు పొద్దున, సిల్వీనో సోమవారం వెళ్తానన్న ఆ సిటీ హాలుకి మేం ఆడవాళ్ళం వెళ్ళాం. ఒదీలియా ముందు నడిచింది, మాకు ఇంగ్లీషు రాదు కదా. ఒక్కొక్కరి ఇంటి నంబరూ ఆమే చెప్పింది, ఆమే అడిగింది. ఇన్‌స్పెక్టరు వచ్చాడు, పొట్టిమనిషి, టార్చిలైటు పట్టుకుని. నా చెల్లెలింట్లో గోడ విప్పించాడు. అక్కడా అదే మెలి, అదే టేపు, చుట్టూ చెక్క నల్లగా మాడి ఉంది. తరవాత నేలమాళిగలోకి దిగాడు. నా చెల్లెలు ముసుగు కొస నోట్లో కుక్కుకుంది. అతను పొయ్యి చూశాడు, పైన గొట్టం చూశాడు, ఈ గొట్టం బయటికి తిప్పించుకో, దీనికో పర్మిట్ తీసుకో అన్నాడు, పొయ్యి మీద సూపు వాసన చూసి బాగుందన్నాడు, వెళ్ళిపోయాడు. అంతే. ఇన్నేళ్ళు మేం భయపడింది దానికి.

నా చెల్లెలు మెట్ల మీద కూర్చుని ఏడ్చిన ఏడుపు, సిల్వీనో శవం దగ్గర కూడా ఎవరూ అలా ఏడవలేదు.

వదిన బతికింది చాలా ఏళ్ళు. కోడలూ ఆమే కలిసే ఉన్నారు, ఇంకో అద్దెయింట్లో. ఒదీలియా ఒక్కనాడూ ఒక్క మాటా అనలేదు. వదినకి అదే శిక్ష. ఆమె గొంతు మాత్రం మళ్ళీ వినపడలేదు. జపమాలలో కూడా పెదాలే కదిలేవి. ఒకసారి నాతో అంది, "వదినా, నేను కిరీటం అన్నాను. వాడి పేరు పిలిచుంటే ఆగేవాడు." ఆమె చెయ్యి పట్టుకుని కూర్చున్నాను.

ఇప్పుడు సంఘంలో చీటీ వేసేముందు ఇంటి వైర్లకి సంతకమైన పర్మిట్ చూపించమంటారు కదా. కొత్తగా వచ్చినవాళ్ళు విసుక్కుంటారు, దేవుడికి కాగితాలేమిటి అని. రాత్రి దీపాలు ఎందుకు ఆర్పుతారని అడుగుతారు. వాళ్ళకి ఎవరూ చెప్పరు. చెప్పేవాళ్ళం ముగ్గురమో నలుగురమో మిగిలాం.

సరే, రొట్టె చల్లారింది, కత్తి అందుకో. రేపు పొద్దున నీ మనిషికి ఫోను చేసేముందు, ఆ సిటీ హాలు కార్డులన్నీ ఇప్పుడు నీ ఫోనులోనే కనపడతాయటగా, అతని పేరు కొట్టి చూడు. ఎన్ని పర్మిట్లు తీశాడని మాత్రమే చూడకు. తీసినవాటికి చివర సంతకం పడిందా చూడు. నీ ఇంటి నంబరు కూడా కొట్టు, నీకు ముందున్నవాళ్ళు ఆ గోడల్లో ఏం దాచారో. అతను చిన్నబుచ్చుకుంటే చిన్నబుచ్చుకోనీ. మంచివాడైతే రెండ్రోజుల్లో మర్చిపోతాడు. గోడ మూయకముందు అడుగు.

అడిగేటప్పుడు ఎవరైనా ఎందుకింత అనుమానం అంటే, సిల్వీనో సంగతి చెప్పు. నీ పిల్లలకీ చెప్పు. జెర్మానో మంచివాడని కూడా చెప్పడం మర్చిపోకు, లేకపోతే కథ సగమే చెప్పినట్టు. వాడి పేరు మాత్రం సరిగ్గా పలుకు. సిల్వీనో. ఒదీలియా మొగుడు సిల్వీనో. నేను పోయాక ఆ పేరు తలిచేవాళ్ళు ఉండాలి.